అభ్యంతరానికి వంతులు

అభ్యంతరం చెప్పడానికి కూడా వంతులుంటాయని ఆ సమావేశానికి వెళ్లేదాకా నాకు తెలియదు. వీధి కుళాయి దగ్గర బిందెలకు వంతులుంటాయని తెలుసు. ఒకే ఇంట్లో తోడికోడళ్లుంటే గిన్నెలు తోమడానికి వంతులుంటాయని తెలుసు. కానీ సూట్లు వేసుకుని, మెడలో గుర్తింపు కార్డులు వేలాడదీసుకుని, భూమిని కాపాడతామని విమానాలెక్కి వచ్చిన పెద్దమనుషులు కాఫీ కప్పులు పట్టుకుని "ఇవాళ కాదనే వంతు మాది, రేపు మీది" అని పంచుకుంటారని ఎవరనుకుంటారు?

నేననుకోలేదు. అందుకే నాకంత ఒళ్లు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

సంగతేమిటంటే, ప్రపంచంలో ప్లాస్టిక్ మితిమీరిపోయిందని, దాన్ని తగ్గించడానికి దేశాలన్నీ కలిసి ఒక ఒప్పందం రాసుకోవాలని కొన్నేళ్లుగా సమావేశాల మీద సమావేశాలు జరుగుతున్నాయి. పడేసిన చెత్త ఏరాలంటే ఎవరూ కాదనరు. చీపురు పట్టుకుని ఫొటో దిగడం ఎవరికి చేదు? పేచీ అంతా ఒక్క పేరా దగ్గరే. కొత్త ప్లాస్టిక్ తయారీని ప్రతి దేశమూ ఏటేటా తగ్గించుకుంటూ రావాలి అనే పేరా అది. పాలు పొంగిపోతుంటే ముందు పొయ్యి ఆపాలా, గట్టు తుడుస్తూ కూర్చోవాలా అన్నంత తేలికైన విషయం. మా ఇంట్లో ఐదో తరగతి పిల్ల కూడా పొయ్యి ఆపమంటుంది. ఆ గదిలో మాత్రం ఏళ్ల తరబడి గట్టు తుడిచే గుడ్డ ఎంత పొడవుండాలో చర్చించారు.

నేను పర్యావరణ శాఖలో చిన్న అధికారిని. మా బృందం నాయకుడు, మేమంతా పెద్దాయన అని పిలిచే మనిషి, తనకి కాగితాలు అందించడానికి నన్ను తీసుకెళ్లాడు. చూడ్డానికి మంచివాడు. నన్ను "ఏమ్మా" అని పిలుస్తాడు, లిఫ్టులో ముందు నన్ను ఎక్కమంటాడు. పెద్దాయన పక్క కుర్చీలో ఇంకొకాయన కూర్చునేవాడు. ఆయన మెడలో కార్డు మీద "సలహాదారు" అని ఉంటుంది గాని, మా దేశంలో ప్లాస్టిక్ గుళికలు తయారు చేసే ఫ్యాక్టరీ మనిషి. కొత్త అల్లుడికి జరిగినట్టు జరిగేవి మర్యాదలు. కాఫీ ఆయనకే ముందు, కిటికీ పక్క గది ఆయనకే. నేను మనసులో ఆయనకి అల్లుడుగారు అని పేరు పెట్టుకున్నాను.

ఆ సమావేశంలో పద్ధతి తెలియకపోతే ఈ కథ అర్థం కాదు కాబట్టి చెబుతాను. చిన్న గదుల్లో ముసాయిదాని పేరా పేరాగా చదువుతారు. అక్కడ కెమెరాలుండవు, పత్రికలవాళ్లుండరు. అధ్యక్షురాలు పేరా చదివి "అభ్యంతరమా?" అని అడుగుతుంది. ఒక్క దేశం తన పేరున్న బోర్డు పైకెత్తినా చాలు, ఆ పేరా చుట్టూ బ్రాకెట్లు పడతాయి. బ్రాకెట్లలో పడిందంటే అటకెక్కినట్టే. ఎవరూ ఎత్తకపోతే ఆవిడ చెక్క సుత్తితో బల్ల మీద కొడుతుంది. సుత్తి పడితే ఆ గదికి ఆ పేరా ఖాయం.

ప్లాస్టిక్ తయారు చేసి అమ్ముకునే దేశాలు కొన్ని జట్టు కట్టాయి. రోజూ ఒకే దేశం బోర్డు ఎత్తితే దానికే చెడ్డపేరు వస్తుంది కదా. అందుకని వంతులు వేసుకున్నారు. ఆ రోజు వంతు ఎవరిదైతే వాళ్లే ఎత్తాలి. మిగతావాళ్లు ఫోన్లు చూసుకోవచ్చు, కునుకు తీయవచ్చు. ఇందులో అసలు చమత్కారం ఇంకోటుంది. ఇంటికి వెళ్లాక ప్రతివాడూ తన జనంతో "మేం ఎంతో పోరాడాం, వేరే దేశాలు ఒప్పుకోలేదు" అనొచ్చు. అందరికీ అందరూ వేరే దేశాలే.

ఈ మాట విన్నప్పుడు నాకు మా అక్క గుర్తొచ్చింది.

మా అక్క ఇల్లు ఆ ఫ్యాక్టరీ ప్రహరీగోడకీ కాలవకీ మధ్య సందులో ఉంది. రెండు గదులు, ముందు వసారా. స్నానాలగదిలో పలకలు మా బావే సొంతంగా అతికించాడు. అందుకే నీళ్లు తూము వైపు కాకుండా తలుపు వైపు నడుస్తాయి. బావ ఆ ఫ్యాక్టరీలోనే గుళికలను బస్తాలకెత్తే విభాగంలో పనిచేస్తాడు. పెసరగింజంత తెల్లటి గుళికలవి. వాటిని కరిగించి సీసాలూ సంచులూ బకెట్లూ చేస్తారు. బస్తాల చిరుగుల్లోంచి, లారీల అడుగునుంచి అవి జారిపోతూనే ఉంటాయి. గాలికి గోడ దాటతాయి, వానకి తూముల్లోంచి కొట్టుకొస్తాయి. పొద్దున్న తలుపు తీసేసరికి అక్క వసారా నిండా తెల్లగా పరుచుకుని ఉంటాయి.

అక్క ఊడుస్తుంది. చేటకెత్తుతుంది. నీళ్ల తొట్టికి గుడ్డ కడుతుంది, బియ్యంలో రాళ్ల బదులు గుళికలు ఏరుతుంది. పక్కింటావిడ కోడి ఒకటి మేత మానేసి చచ్చిపోతే కోసి చూశారు. కడుపు నిండా గుళికలే. ఫ్యాక్టరీవాళ్లకి చెబితే జాలిపడి సందులో ఇంటింటికీ చీపురు పంచారు. అవి కూడా ప్లాస్టిక్ చీపుళ్లే!

కిందటి సమావేశం అయ్యాక పెద్దాయనే ఆ ఊరు వెళ్లి డేరా కింద ప్రసంగించాడు. తయారీ తగ్గించాలని తను ఎలా వాదించాడో, పరాయి దేశాలు ఎలా అడ్డుపడ్డాయో చెబుతుంటే అక్క కళ్లనీళ్లు పెట్టుకుందట. ఆ రోజునుంచీ వాకిలి ఊడుస్తున్నంతసేపూ ఆ దేశాలను తిట్టేది.

"వాళ్ల నోళ్లు పడిపోను! అంత ముద్దయితే ఎత్తుకెళ్లి వాళ్ల నట్టింట్లో పోసుకోవచ్చుగా!"

"ఏ దేశాన్నే ఆ తిట్టడం?" అనేవాడు బావ, టీ తాగుతూ.

"ఏదైతే ఏం? కాదన్నదాన్ని."

"అలా గాల్లోకి తిడితే తగలవే. అడ్రసు ఉండాలి."

నేను సమావేశానికి బయల్దేరే ముందు అక్క ఇంటికి వెళ్లాను. ఇంట్లో వాతావరణం బాగాలేదు. ఫ్యాక్టరీకి రెండో యూనిట్ కడతారని పుకారు. కడితే ప్రహరీగోడ కాలవ గట్టుదాకా జరుగుతుంది. సందు మొత్తం పోతుంది. ఎక్కడో ఊరి చివర ఇళ్లు ఇస్తామన్నారు. బావకి మాత్రం రెండో యూనిట్‌లో సూపర్‌వైజర్ పని ఇస్తామని ఆశ పెట్టారు.

"ఏం మరదలు పిల్లా," అన్నాడు బావ, "మీరంతా అక్కడ కూర్చుని తయారీ తగ్గించేస్తే నేను రోడ్డున పడాలన్నమాట."

"నువ్వు రోడ్డున పడతావేమో, నేను ఇప్పుడే గుళికల్లో పడి ఉన్నా," అంది అక్క. "పోయినేడాది వీటి మీద జారిపడి నా చెయ్యి విరిగిందే, ఎవరు వండిపెట్టారు నీకు?"

"నువ్వే. ఒంటిచేత్తో."

"తెలుసు కదా. నోరు మూసుకో."

బావ నవ్వాడు గాని ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఉద్యోగం ఆశ ఒకవైపు, తను అతికించిన పలకలు ఒకవైపు. మింగలేక కక్కలేక ఉన్నాడని నాకర్థమైంది.

అక్క నన్ను సందు చివరిదాకా సాగనంపింది. ఆటో ఎక్కుతుంటే చెయ్యి పట్టుకుంది.

"నువ్వు ఆ గదిలోనే ఉంటావుగా. ఆ కాదనే దేశమేదో కనుక్కుని రా. పేరు తెలిస్తే తిట్టుకోవడానికైనా తేలిగ్గా ఉంటుంది."

విమానంలో పెద్దాయన సంతోషంగా ఉన్నాడు. "ఆ పేరా ఈసారి కూడా బ్రాకెట్లలో ఉంటే మీ వైపు రెండో యూనిట్ ఖాయమమ్మా. బ్రాకెట్లు లేకుండా ఖాయమైతే మాత్రం అనుమతి ఇవ్వడం కష్టం. మీవాళ్లెవరైనా ఉంటే చెప్పు, ఉద్యోగం చూద్దాం," అన్నాడు. ఆ గోడ జరిగే సందులోనే మా అక్క ఉంటుందని ఆయనకు తెలియదు. తెలిసినా పెద్ద తేడా ఉండేది కాదనుకోండి.

వంతుల సంగతి నాకు తెలిసింది సమావేశం మధ్యలో. కాఫీ యంత్రం దగ్గర అల్లుడుగారు వేరే దేశం ఆయన భుజం తట్టి, "రేపు మధ్యాహ్నం మాది. మీరు నిశ్చింతగా నిద్రపోండి," అంటున్నాడు. ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు. నేను పాల ప్యాకెట్ చేత్తో పట్టుకుని నిలబడిపోయాను. మా అక్క ఒక్కో గుళికకీ ఒక్కో తిట్టు చొప్పున రోజూ వెతుకుతున్న దేశం అడ్రసు నా మెడలో కార్డు మీదే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక గదిలోకి వెళ్లాం. పెద్దాయన, అల్లుడుగారు కూర్చున్నారు, నేను వెనక కుర్చీలో. అధ్యక్షురాలు అప్రధానమైన పేరాలేవో చదువుతోంది. నత్తనడక. ఇంతలో ఎవరో వచ్చి అల్లుడుగారి చెవిలో ఏదో ఊదారు. ఏదో టీవీవాళ్లకి పెద్దాయన ఇంటర్వ్యూ కావాలట, బయట సిద్ధంగా ఉన్నారట. మా తయారీ పేరా రావడానికి ఇంకా చాలాసేపు పడుతుందని ఇద్దరూ లెక్కవేసుకున్నారు.

"ఇలా ముందుకొచ్చి కూర్చోమ్మా," అన్నాడు పెద్దాయన లేస్తూ. "ఇప్పుడే వచ్చేస్తాం. ఒకవేళ తయారీ అనే మాట వినబడిందంటే బోర్డు ఎత్తెయ్. ఏం మాట్లాడక్కర్లేదు. ఎత్తితే చాలు."

"ఇవాళ వంతు మనది మేడమ్, మర్చిపోకండి," అన్నాడు అల్లుడుగారు.

వాళ్లు వెళ్లారు. నేను ముందు కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా మా దేశం పేరున్న బోర్డు. ముట్టుకుని చూశాను. ప్లాస్టిక్కే.

అధ్యక్షురాలు కళ్లజోడు సవరించుకుంది. మధ్యలో ఉన్న పేరాల మీద రాతపూర్వకంగా ఒప్పందం కుదిరింది కాబట్టి వాటిని వదిలేసి ముందుకు వెళుతున్నానంది. కాగితాలు తిప్పింది. చదవడం మొదలుపెట్టింది. ప్రతి దేశమూ కొత్త ప్లాస్టిక్ తయారీని...

పేరా పొడవైనది. ఆవిడ తొందరపడకుండా, ప్రతి మాటా వినబడేట్టు చదివింది. నేను వింటూ బోర్డు మీద చెయ్యి వేసి ఉంచాను. నాకు ఉద్యోగం ముఖ్యం. అబద్ధం చెప్పను. ఈ నెల జీతం రాకపోతే మా ఇంట్లో ఎవరి మందులు ఆగుతాయో, ఎవరి ఫీజు ఆగుతుందో అన్నీ వరసగా కళ్ల ముందు తిరిగాయి.

"అభ్యంతరమా?" అంది అధ్యక్షురాలు.

జట్టు దేశాల వాళ్లు ఒక్కొక్కరే తలలెత్తి నా వైపు చూశారు. ఫోన్లో మునిగిన ఆయన ఫోన్ దించాడు. కునుకు తీస్తున్న ఆయన్ని పక్కావిడ మోచేత్తో పొడిచింది. అందరి మొహాల్లోనూ ఒకటే ప్రశ్న: ఎత్తవేం? ఒకాయన గడ్డం ఎగరేశాడు. ఇంకొకాయన తన బోర్డు మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేశాడు. ఆయన వంతు కాదుగా! తన దేశానికి చెడ్డపేరు ఎందుకు తేవాలి, వంతున్నవాళ్లే ఎత్తుతారులే అనుకున్నాడు. ఆయన పక్కావిడా అదే అనుకుంది. ఆవిడ పక్కాయనా అదే. ఏళ్ల తరబడి పైసా ఖర్చు లేకుండా పనిచేసిన ఏర్పాటు. అందులో ఉన్న ఒకే ఒక్క కంత, ఎవరి వంతైతే వాళ్లు మానేస్తే ఏం చెయ్యాలో ఎవరూ అనుకోకపోవడం.

నేను బోర్డు మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

అధ్యక్షురాలు గది ఈ మూలనుంచి ఆ మూలదాకా చూసింది. నమ్మలేనట్టు ఇంకోసారి చూసింది. సుత్తి కొట్టింది.

వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. సముద్రం పొంగి మునిగిపోతున్న చిన్న చిన్న దీవుల ప్రతినిధులు లేచి నిలబడ్డారు. వాళ్లలో ఒక ముసలావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. జట్టువాళ్లు ఒకరినొకరు తిట్టుకుంటూ తలుపు వైపు పరుగెత్తారు, మా పెద్దాయన కోసం.

పెద్దాయన చెమటలు కక్కుతూ వచ్చాడు. వెనకే అల్లుడుగారు. నా పక్కన కూర్చుని, మైకుని చేత్తో మూసి, చాలా మెల్లగా మాట్లాడాడు పెద్దాయన. ఆయన అరిచి ఉంటే నాకు ఇంకా తేలికగా ఉండేది.

"నువ్వు ఎత్తావమ్మా. ఆవిడకి కనబడలేదు. అంతే జరిగింది."

"నేను ఎత్తలేదు సార్."

"ఎత్తావు. గది పెద్దది, లైట్లు సరిగా లేవు, ఆవిడ చూసుకోలేదు. నేను ఆ మాటే చెబుతాను. నిన్ను అడిగితే అవునను. పేరా మళ్లీ తెరుస్తారు. నీకు ఏ ఇబ్బందీ రాదు, నాది పూచీ."

"ఇంత చిన్న మాట మేడమ్," అన్నాడు అల్లుడుగారు. "అవును అంటే అయిపోతుంది."

చిన్న మాటేనట! ఆ చిన్న మాట మీద మా అక్క వసారా ఉంది, బావ అతికించిన వంకర పలకలున్నాయి, కాలవుంది. నా జీతం కూడా దాని మీదే ఉంది. పెద్దాయన మైకు తీసుకుని, మా అధికారిణి బోర్డు ఎత్తారని, అధ్యక్షస్థానం గమనించలేదని, ఎంతో విచారంతో ఆ పేరాని తిరిగి తెరవమని కోరుతున్నామని చెప్పాడు. ఆ గొంతులో ఎంత బాధ! నాకు గనక నిజం తెలియకపోతే నేనే నమ్మేదాన్ని.

అధ్యక్షురాలు నా వైపు తిరిగింది. "మీరు బోర్డు ఎత్తారా?"

పెద్దాయన మైకుని నా ముందుకు జరిపాడు. తండ్రిలా నా భుజం మీద చెయ్యి వేశాడు.

"లేదండీ," అన్నాను. మైకుకి కూడా వినబడలేదు. నామీద నాకే కోపం వచ్చి, రెండోసారి గట్టిగా అన్నాను. "ఎత్తలేదు. చూస్తూ చూస్తూనే ఎత్తలేదు."

భుజం మీద చెయ్యి తీసేశాడు. జట్టులో ముగ్గురు నలుగురు ఒక్కసారిగా బోర్డులు ఎత్తి అరిచారు. అధ్యక్షురాలు తల అడ్డంగా ఊపింది. "సుత్తి పడ్డాక ఈ గదిలో అభ్యంతరం చెల్లదు. ముగింపు మహాసభలో చెప్పుకోండి. అక్కడ అందరూ చూస్తారు," అంది. కెమెరాలుంటాయని ఆవిడ విడిగా చెప్పనక్కర్లేదు.

ఆ రాత్రి విమానానికే నన్ను ఇంటికి పంపేశారు. దిగగానే ఫోనుకి ఆదేశం వచ్చింది, విచారణ తేలేదాకా ఆఫీసుకి రానక్కర్లేదని. నేను తిన్నగా అక్క ఇంటికి వెళ్లాను. వసారాలో చీపురుతో ఎదురొచ్చింది.

"వచ్చావా! ఏ దేశమే?"

బావ డ్యూటీకి చొక్కా తొడుక్కుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

"మనదేనక్కా."

"ఊరుకో."

"మనదే. వంతులేసుకుంటారు. పెద్దాయనే."

అక్క చీపురు కింద పెట్టింది. అన్నాళ్లుగా నోరారా తిట్టిన మనిషికి ఇప్పుడు అడ్రసు దొరికాక తిట్టు రాలేదు. బావ కూడా వేళాకోళం ఆడలేదు. ఒక్క గుండీ వేసుకోవడానికి చాలాసేపు పట్టింది ఆయనకి.

మర్నాడు మహాసభని టీవీలో చూపించారు. సందులో వాళ్లు చాలామంది అక్క ఇంట్లోనే చేరారు, నేను రమ్మన్నాను. ఆ పేరా చదివారు. అభ్యంతరమా అన్నారు. ఈసారి వంతుల్లేవు, ఎవరి బోర్డు వాళ్లు ఎత్తుకోవలసిందే. మొదటి చెయ్యి మా పెద్దాయనది. చేతి గడియారం లైట్లకి తళతళ మెరిసింది. పేరా బ్రాకెట్లలోకి వెళ్లిపోయింది. వార్తలు చదివే అమ్మాయి నవ్వుతూ వాతావరణ విశేషాలకి వెళ్లింది.

"ఈయనే కదూ డేరా కింద కూర్చుని అదంతా చెప్పింది?" అంది పక్కింటావిడ. ఒక్కొక్కరే లేచి ఇళ్లకు వెళ్లిపోయారు. కాబట్టి నేను గెలిచానని ఎవరూ అనుకోవద్దు. ఓడిపోయాం. ఆ చెయ్యి ఎవరిదో మాత్రం సందులో అందరూ చూశారు.

కొన్నాళ్లకే ఊళ్లో మళ్లీ డేరా వేశారు. రెండో యూనిట్‌కి ప్రజాభిప్రాయ సేకరణ. కట్టేముందు జనాన్ని అభ్యంతరాలు అడగాలని మా దేశంలో కూడా ఒక నియమం ఉంది లెండి. వేదిక మీద తెల్లటి గుడ్డ కప్పిన బల్ల, దాని వెనక పెద్దాయన, అల్లుడుగారు. ముందు వరసల్లో ఫ్యాక్టరీ వాళ్లని యూనిఫాంలతో కూర్చోబెట్టారు, చప్పట్లకి. జనంలోకి మైకు తీసుకెళ్లే పని మా బావకి అప్పజెప్పారు. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో పొద్దున్నే చెప్పి పెట్టారట.

పెద్దాయన మొదలుపెట్టాడు. నా చెవుల్ని నాకే నమ్మబుద్ధి కాలేదు. "తయారీ తగ్గించాలని మనం ఎంతో పోరాడాం. ఏం చేస్తాం, వేరే దేశాలు పడనివ్వలేదు." టీవీలో జనం చూసుంటారన్న అనుమానమైనా లేదు ఆ మొహంలో. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, అదే గొంతుతో, అదే బాధతో చెప్పాడు. ఈ సందు మనుషులకి కళ్లుంటాయని ఆయన ఏనాడూ అనుకోలేదు. అది తలచుకుంటే, నన్ను ఇంటికి పంపినందుకు కన్నా ఎక్కువ కడుపు మండుతుంది నాకు.

చివర్లో, ఆ గదిలో అలవాటు కాబోలు, చిరునవ్వుతో చుట్టూ చూశాడు. "మరి రెండో యూనిట్ మీద ఎవరికైనా అభ్యంతరమా?"

నా పక్కన ఉన్న అక్క లేచింది. చీర కొంగు కింద దాచి తెచ్చిన చేటని రెండు చేతుల్తో తలమీదికి ఎత్తి పట్టుకుంది. ఆ పొద్దున ఊడ్చిన గుళికలు ఉన్నాయి అందులో.

పెద్దాయన చూశాడు. చూశాడని నేను ప్రమాణం చేసి చెబుతాను. ఆయన కళ్లు అక్క మీద ఆగి, పక్కకి జరిగి, ఖాళీ కుర్చీల మీదుగా తిరిగి వచ్చాయి.

"ఎవరికీ లేదన్నమాట. సంతోషం," అన్నాడు.

ముందు వరసలో చప్పట్లు మొదలయ్యాయి. అప్పుడు మైకులోంచి ఒక దగ్గు వినబడింది. మా బావ. చేతిలో మైకు నోటి దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నాడు, చెవులు ఎర్రగా కందిపోయి.

"సార్, ఎత్తారండీ. మీకు కనబడలేదేమో. నాకు కనబడుతోంది."

చప్పట్లు ఆగిపోయాయి. అల్లుడుగారు వేలు ఊపి ఏదో సైగ చేశాడు. బావ అటు చూడలేదు. వరసల మధ్యనుంచి నడిచి వచ్చి మైకు అక్కకి అందించాడు. "చెప్పవే," అన్నాడు.

అక్క మైకు తీసుకోలేదు. రెండు చేతుల్లోనూ చేట ఉందిగా. బావే మైకు పట్టుకుని వెంట నడిచాడు. అక్క తిన్నగా వేదిక ఎక్కి, చేటలోవన్నీ పెద్దాయన ముందు తెల్లటి గుడ్డ మీద గుమ్మరించింది.

"ఇన్నాళ్లూ పరాయి దేశం వాళ్లవనుకుని రోజూ నేనే ఎత్తిపోసుకున్నానండీ," అంది. "మీవేనట. తీసుకోండి."

గుళికలు బల్ల అంచునుంచి జలజలా జారి ఆయన బూట్ల చుట్టూ పడ్డాయి. పెద్దాయన కాళ్లు పైకి తీసుకున్నాడు.